గిల్ మ్యాన్ నుంచి కిల్లర్ క్రాక్ దాకా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బల్లి మనుషులు, మొసలి విలన్లు, పాము అమ్మాయిల మీదే ఉన్నాయి, అందుకని మిగతావన్నీ పక్కన పెట్టేసి వీటికే జవాబులు రాసేస్తున్నా. రక్తపిశాచాల గురించి అడిగినవాళ్ళు అలగకండి, వాళ్ళ గొడవ కూడా మధ్యలో తగులుతుంది.

ప్రశ్న: సార్, బ్లాక్ లగూన్ సినిమాలో ఉండే ఆ జీవి సరీసృపమా, చేపా? ఏ లిస్టు చూసినా దాన్ని బల్లులు, మొసళ్ళ పక్కనే పెడుతున్నారు. ఇంకోటి, లోపల ఉన్నది మనిషే అయితే నీళ్ళలో అంతసేపు ఊపిరి ఎలా తీసుకున్నాడు? — కె. ఎస్.

సరీసృపం కాదండి. దానికి మొప్పలున్నాయి, పేరే గిల్ మ్యాన్ కదా, గిల్ అంటే మొప్పే. కథలో మొదట దొరికే చెయ్యి శిలాజం కూడా కోట్ల ఏళ్ళ కిందటి డెవోనియన్ కాలం నాటిది అంటారు, ఆ కాలానికి భూమ్మీద సరీసృపం అనేదే లేదు. కాబట్టి చేపకీ కప్పకీ మధ్యలో ఏదో అనుకోండి. కానీ ఒంటినిండా ఆ పొలుసులు, ఆ గోళ్ళు చూసిన జనం దాన్ని బల్లుల గుంపులో కలిపేసుకున్నారు, నేను కూడా కలిపేసుకుంటా, లేకపోతే ఈ శీర్షికలో దాని గురించి రాసే ఛాన్సే ఉండదు.

లోపల ఒక మనిషి కాదు, ఇద్దరు. 1954లో జాక్ ఆర్నాల్డ్ డైరెక్షన్లో వచ్చిన ఈ సినిమాలో నేల మీద నడిచే గిల్ మ్యాన్ బెన్ చాప్మన్, నీళ్ళలో ఈదే గిల్ మ్యాన్ రికూ బ్రౌనింగ్. చాప్మన్ యూనివర్సల్ స్టూడియోలో ఆ రబ్బరు సూట్ వేసుకుని ఉడికిపోతుంటే బ్రౌనింగ్ ఎక్కడో ఫ్లోరిడాలో వకుల్లా స్ప్రింగ్స్ అనే చోట నీళ్ళ అడుగున ఉన్నాడు. సూట్ లోపల ఆక్సిజన్ ట్యాంక్ లాంటిది ఏమీ లేదు. మొప్పలున్న జీవి నోట్లోంచి బుడగలు వస్తే బాగోదు కదా, అందుకని ఊపిరి బిగబట్టి షాట్ చేసేవాడు, షాట్ అవ్వగానే పక్కనున్న డైవర్ దగ్గర గాలి గొట్టం తీసుకుని పీల్చేవాడు, మళ్ళీ షాట్. ఒక్కోసారి నాలుగు నిమిషాల దాకా బిగబట్టగలిగేవాడట.

ఆ ఈత సీన్ చూడకపోతే ముందు అదొక్కటి చూడండి. హీరోయిన్ తెల్ల స్విమ్ సూట్ లో పైన వెలుతురులో ఈదుతుంటుంది, కింద చీకట్లో వాడు వెల్లకిలా తిరిగి ఆమె కిందే అదే వేగంతో ఈదుతుంటాడు, చెయ్యి చాస్తాడు, కాలికి తగిలీ తగలకుండా వెనక్కి తీసుకుంటాడు. ఆమెకి తెలియదు, మనకి తెలుసు. అక్కడ పైన ఈదేది కూడా జూలీ ఆడమ్స్ కాదు, ఆమె డూప్ జింజర్ స్టాన్లీ. అంటే ఇద్దరు డూపులు కలిసి చేసిన సీన్ ఆ సినిమా మొత్తానికీ గుర్తుండిపోయింది.

ప్రశ్న: గిల్ మ్యాన్ ని తయారు చేసింది ఒక ఆవిడ అని విన్నా, కానీ టైటిల్స్ లో పేరు లేదు. నిజమేనా? — పేరు వద్దన్న పాఠకురాలు

నిజమే అమ్మా. మిలిసెంట్ ప్యాట్రిక్. అంతకుముందు డిస్నీలో పని చేసిన ఆర్టిస్ట్. ఆ తల, ఆ పెదాలు, మెడ పక్కన విచ్చుకునే మొప్పలు అన్నీ ఆవిడ డిజైనే. మేకప్ డిపార్ట్‌మెంట్ హెడ్ బడ్ వెస్ట్‌మోర్, టైటిల్స్ లో ఉన్నది ఆయన పేరు. సినిమా రిలీజ్ కి ముందు స్టూడియోవాళ్ళు ఈవిడని ఊళ్ళు తిప్పి పబ్లిసిటీ చేయించారు, మృగాన్ని సృష్టించిన సుందరి అని మొదలుపెట్టిన ఆ ప్రచారం వెస్ట్‌మోర్ కి మండటంతో మృగాలతో కాపురం చేసే సుందరిగా మారిపోయింది, అంటే సృష్టించింది అన్న ముక్క మాత్రం జాగ్రత్తగా పీకేశారన్నమాట. టూర్ నుంచి తిరిగొచ్చాక అక్కడ ఆవిడకి ఇంక పని ఇవ్వలేదు. 2019లో మాలరీ ఓమేరా అనే రచయిత్రి ఆవిడ జీవితం మీద పుస్తకం రాశాక గానీ చాలామందికి తెలియలేదు. హారర్ సినిమా చరిత్రలో నాకు బాగా చిరాకు తెప్పించే విషయాల్లో ఇదొకటి.

ప్రశ్న: అన్నా, కామిక్స్ లో రక్తపిశాచాలు, తోడేలు మనుషులు కొన్నేళ్ళపాటు అస్సలు కనపడరు, అదే టైమ్ లో బల్లులు, డ్రాగన్లు మాత్రం ఫుల్లుగా ఉంటాయి, ఎందుకలా? — ఆర్., డిగ్రీ స్టూడెంట్

భలే పట్టావ్ తమ్ముడూ. దీనికి కొంచెం పెద్ద జవాబే రాయాలి.

1954లో అమెరికాలో కామిక్స్ మీద పెద్ద రచ్చ జరిగింది. పిల్లలు పాడైపోతున్నారని ఫ్రెడరిక్ వెర్థమ్ అనే సైకియాట్రిస్ట్ పుస్తకం రాశాడు, సెనేట్ సబ్ కమిటీ పబ్లిషర్లని పిలిచి విచారణ చేసింది. ప్రభుత్వం వచ్చి కత్తెర వేసేలోపు మనమే వేసుకుందాం అని పబ్లిషర్లంతా కలిసి కామిక్స్ కోడ్ అని ఒకటి పెట్టుకున్నారు. అందులో నడిచే శవాలు, రక్తపిశాచాలు, తోడేలు మనుషులు, పీక్కుతినే పిశాచాలు, నరమాంస భక్షణ అన్నీ నిషేధం. పత్రిక పేర్లో హారర్ అనే మాట కూడా పెట్టకూడదు. కోడ్ ముద్ర లేని పుస్తకాన్ని చాలా షాపులవాళ్ళు పెట్టేవాళ్ళు కాదు, కాబట్టి దీన్ని కాదని బతకడం కష్టం.

ఇప్పుడు ఆ లిస్టు మళ్ళీ చదువు. బల్లి ఎక్కడైనా ఉందా? మొసలి? డ్రాగన్? లేవు. శవం లేవకూడదు అన్నారు గానీ సైంటిస్టు మందు తాగి పచ్చగా మారకూడదు అని ఎవరూ రాయలేదు. ఆ సందులోంచే దూరిపోయాయి ఇవన్నీ. 1961 స్ట్రేంజ్ టేల్స్ లో స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి ఫిన్ ఫాంగ్ ఫూమ్ అనే కొండంత డ్రాగన్ ని దింపారు (దానికి చెడ్డీ వేశారు, ఎందుకు వేశారో అడక్కు, డ్రాగన్ కి చెడ్డీ ఉంది అంతే). 1963లో స్పైడర్ మ్యాన్ ఆరో ఇష్యూలో లిజర్డ్ అనే బల్లి మనిషి వచ్చాడు.

అన్నిటికన్నా మంచి ఉదాహరణ ఎక్స్ మెన్ విలన్ సారాన్. 1969లో ఎక్స్ మెన్ రాస్తున్న రాయ్ థామస్, బొమ్మలేస్తున్న నీల్ ఆడమ్స్ ఇద్దరికీ ఒక గబ్బిలం టైపు రక్తపిశాచి విలన్ కావాలి. కోడ్ వాళ్ళు కుదరదన్నారు. సరే అని గబ్బిలం రెక్కలు తీసేసి డైనోసార్ల కాలం నాటి టెరనోడాన్ అనే ఎగిరే సరీసృపం రెక్కలు పెట్టారు, రక్తం బదులు ఎదుటివాడి ప్రాణశక్తి పీల్చుకుంటాడు అన్నారు, హిప్నటిజం మాత్రం అలాగే ఉంచేశారు. అంతే, పాస్ అయిపోయింది! అంటే వాడు నిలువెత్తు రక్తపిశాచే, ఎగిరే సరీసృపం తోలు కప్పుకున్నాడు. పోనీ ఆ తోలైనా సరిగ్గా కప్పుకున్నాడా అంటే నిజం టెరనోడాన్ కి పళ్ళే ఉండవు, వీడికి నోటినిండా పళ్ళే.

1971లో కోడ్ సడలించి పాతకాలం సాహిత్యం పద్ధతిలో అయితే రక్తపిశాచాల్ని వాడుకోవచ్చు అన్నారు, జాంబీలకి మాత్రం అప్పుడూ పర్మిషన్ రాలేదు. ఆ ఏడాదే స్పైడర్ మ్యాన్ 101లో మోర్బియస్ అనే రక్తపిశాచి దిగాడు, ఆ కథలోనే లిజర్డ్ కూడా ఉంటాడు. ఇన్నేళ్ళూ గేటు బయట నిలబెట్టిన వాడూ, ఎప్పుడో లోపలికొచ్చి సెటిలైపోయిన వాడూ ఒకే కథలో. రచయితలు కావాలని చేశారని నేననను గానీ చదువుతుంటే నాకు నవ్వొచ్చింది.

ప్రశ్న: స్పైడర్ మ్యాన్ లిజర్డ్ కథని ఎలిగేటర్ పీపుల్ సినిమా నుంచి లేపేశారని ఫ్రెండ్ అంటున్నాడు. కాపీనా కాదా ఒక్క ముక్కలో చెప్పండి. — వి. ఎమ్.

ఒక్క ముక్కలో చెప్పడానికి నేనేమన్నా జడ్జినా అండీ. రెండు కథలూ పక్కపక్కన పెడతా, మీరే చూసుకోండి.

ది ఎలిగేటర్ పీపుల్ 1959 సినిమా, రాయ్ డెల్ రూత్ డైరెక్టర్. యాక్సిడెంట్ లో నుజ్జయిపోయిన ఒకతనికి డాక్టర్ మొసలి నుంచి తీసిన మందు ఎక్కిస్తాడు, గాయాలు మానిపోతాయి, తర్వాత మెల్లిగా ఒంటి మీద పొలుసులు మొదలవుతాయి. పెళ్ళైన కొత్తలో ట్రైన్ లోంచి భార్యకి చెప్పకుండా మాయమైపోతాడు, ఆమె వెతుక్కుంటూ లూసియానా చిత్తడి నేలల్లోకి వెళ్తుంది. లాన్ చేనీ జూనియర్ ఇందులో మొసలికి చెయ్యి పోగొట్టుకుని, ఆ చేతికి కొక్కెం తగిలించుకుని, కనపడ్డ మొసలినల్లా కాల్చే తాగుబోతు. క్లైమాక్స్ లో హీరో తల పూర్తిగా మొసలి తల అయిపోతుంది, కింద మాత్రం ప్యాంటు. అక్కడ నవ్వు ఆపుకోవడం కష్టమే, కానీ దానికి ముందు గంటసేపు బెవర్లీ గార్లాండ్ ఎంత సీరియస్ గా నటించిందంటే ఆ నవ్వు కూడా కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

లిజర్డ్ అంటే డాక్టర్ కర్ట్ కానర్స్. ఆర్మీ సర్జన్ గా ఉండి యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. బల్లికి తోక మొలిచినట్టు మనిషికి చెయ్యి మొలిపించాలని ఫ్లోరిడా చిత్తడి నేలల్లో రీసెర్చ్ చేసి మందు తనే తాగేస్తాడు. చెయ్యి వస్తుంది, దాంతో పాటు మిగతాదంతా వచ్చేస్తుంది. భార్య మార్తా, చిన్న కొడుకు బిల్లీ. చివరికి స్పైడర్ మ్యాన్ కానర్స్ రాసుకున్న నోట్స్ చూసే విరుగుడు కలిపి వాడి నోట్లో పోస్తాడు, జైలుకి పంపడు.

మందు, చిత్తడి నేల, భార్య, పోయిన చెయ్యి... పోలికలు కుప్పలు. కానీ పాడైన ఒంటిని బాగుచేద్దామని పోయి మనిషితనం పోగొట్టుకోవడం అనే కథ ఆ రెండింటి కంటే చాలా పాతది, కాబట్టి నేనైతే కాపీ అనే మాట వాడను. నాకు అసలు తేడా ఎక్కడ కనపడుతుందంటే, సినిమాలో వాడు రోగి, ఎవరో చేసిన దానికి బలైపోయాడు. కానర్స్ డాక్టరూ తనే రోగీ తనే. అందుకే స్టీవ్ డిట్కో వేసిన బొమ్మలో ఆ తెల్ల కోటు అంత బాగా పనిచేస్తుంది చూడండి, ఒళ్ళంతా పచ్చగా మారి తోక బయటికొచ్చినా ల్యాబ్ కోటు మాత్రం ఒంటి మీదే ఉంటుంది. ఆరవై ఏళ్ళు దాటినా ఆ కోటు తీసెయ్యడానికి చాలామంది ఆర్టిస్టులకి మనసొప్పలేదు. 2012 స్పైడర్ మ్యాన్ సినిమాలో రైస్ ఇఫాన్స్ చేసిన లిజర్డ్ నాకు సగం ఎక్కకపోవడానికి కారణం కూడా అదే అనుకుంటా, అందులో కోటు అలా వచ్చి ఇలా పోతుంది.

ప్రశ్న: నిజంగా బల్లికి కాలు తెగితే కాలు మొలుస్తుందా? మా అబ్బాయి అడిగాడు. — ఒక నాన్న

లేదండి, తోక వరకే. అది కూడా ఒరిజినల్ లాంటిది రాదు, లోపల ఎముకల బదులు మృదులాస్థి గొట్టం వస్తుంది. కాళ్ళు చేతులు మళ్ళీ మొలిపించుకునేది సాలమాండర్లు, ముఖ్యంగా ఆక్సొలాటిల్, అవి ఉభయచరాలు. కానర్స్ గారు తప్పు గుమ్మం తొక్కారు. ఇంకో విశేషం, పిల్ల ఎలిగేటర్లు కూడా తెగిన తోకని కొంత మొలిపించుకుంటాయని 2020లో శాస్త్రవేత్తలు చూపించారు, దాదాపు 23 సెంటీమీటర్ల దాకా. మీ వాడికి ఇది చెప్పండి, కామిక్స్ కన్నా ఎక్కువ సంబరపడతాడు.

ప్రశ్న: గాడ్జిల్లాని హారర్ లో ఎందుకు కలుపుతారు సార్? అది యాక్షన్ కదా. పైగా అది రబ్బరు సూట్ అని క్లియర్ గా తెలిసిపోతుంది. — పి. ఎన్.

మీరు చూసినవి తర్వాత వచ్చినవి అయ్యుంటాయి. 1954 నవంబర్ 3న రిలీజైన మొదటిది చూడండి, దాంట్లో ఫైటింగ్ ఆనందం అనేది ఉండదు. ఆ ఏడాది మార్చి 1న బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చి చూసింది, ఆ బూడిద జపాన్ వాళ్ళ లక్కీ డ్రాగన్ అనే చేపల పడవ మీద పడింది, 23 మంది సిబ్బందికి రేడియేషన్ తగిలింది, సెప్టెంబర్లో ఒకాయన చనిపోయాడు. సినిమా మొదట్లోనే ఒక పడవ తగలబడి మునుగుతుంది, హాల్లో కూర్చున్నవాళ్ళకి అది ఏ పడవో ఎవరూ చెప్పక్కర్లేదు. గాడ్జిల్లా చర్మం మీద ఆ గడ్డలు చూడండి, అవి బల్లి పొలుసులు కావు, బాంబు కాల్చిన మనుషుల ఒంటి మీద లేచే మచ్చల్లా చేశారు. నగరం కాలిపోయాక ఆసుపత్రి వరండాలో పిల్ల పక్కన రేడియేషన్ కొలిచే గీగర్ కౌంటర్ పెట్టి చూసే సీన్ ఒకటి ఉంటుంది. ఆ తర్వాత యాక్షన్ అంటారా లేదా మీ ఇష్టం.

సూట్ సంగతంటారా, ఎఫెక్ట్స్ చేసిన ఐజీ సుబురాయాకి కింగ్ కాంగ్ లాగా బొమ్మని ఒక్కో ఫ్రేమూ కదిపి తీయాలని కోరిక, దానికి టైమూ లేదు డబ్బూ లేదు. అందుకే మనిషికి సూట్ వేశారు. మొదట చేసిన సూట్ బరువుకి అడుగు కూడా పడకపోతే దాన్ని కోసి ముక్కల షాట్లకి వాడుకున్నారు. రెండోదాని బరువు కూడా సుమారు 100 కిలోలు. దాంట్లో దూరిన హరువో నకజిమా నడక నేర్చుకోవడానికి జూకి వెళ్ళి బల్లుల్ని కాదు, ఏనుగుల్నీ ఎలుగుబంట్లనీ చూసొచ్చాడు! కెమెరాని వేగంగా తిప్పి తీశారు కాబట్టి తెర మీద నెమ్మదిగా బరువుగా అడుగేస్తుంది. ఆ అరుపు ఏ జంతువుదీ కాదు, సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే డబుల్ బాస్ తీగల మీద బంక పూసిన తోలు గ్లవ్ తో రుద్దితే వచ్చిన శబ్దం.

ఇక్కడ నా గోల ఒకటి చెప్పుకోనివ్వండి. ఈ పొలుసుల రాక్షసులందర్నీ వరసగా చూస్తూ పోతే వీళ్ళని చెక్కింది గొప్ప ఊహ కన్నా ఎక్కువగా గతిలేకపోవడమే అనిపిస్తుంది. టైమ్ లేకపోతే సూట్ వచ్చింది, కోడ్ ఒప్పుకోకపోతే సారాన్ వచ్చాడు, బుడగలు రాకూడదంటే ఆ ఈత వచ్చింది. డబ్బు లేనప్పుడల్లా మంచిదే వస్తుందని కూడా కాదు లెండి. 1940లో వన్ మిలియన్ బీసీ వాళ్ళు నిజం బల్లులకీ మొసళ్ళకీ వీపు మీద చేప రెక్కల్లాంటివి అంటించి డైనోసార్లు అన్నారు, వాటి చేత కొట్లాడించారు, ఆ ముక్కల్నే ఏళ్ళ తరబడి వేరే సినిమాల్లో అతికించుకున్నారు. 1960 లాస్ట్ వరల్డ్ లోనూ ఇదే తంతు. పాపం ఆ జంతువుల్ని చూస్తే భయం కాదు, జాలేస్తుంది. అదే 1953లో రే హారీహౌసెన్ ది బీస్ట్ ఫ్రమ్ 20,000 ఫాథమ్స్ కోసం రీడోసారస్ అని ఎక్కడా లేని జంతువుని బొమ్మగా చేసి ఫ్రేము ఫ్రేముకీ కదిపి తీశాడు, అది ఇప్పటికీ బతికున్నట్టే ఉంటుంది.

ప్రశ్న: పాము అమ్మాయిల హారర్ లో ఏది బెస్ట్? — ఎల్.

హారర్ కి పేరుమోసిన బ్రిటిష్ కంపెనీ హామర్ వాళ్ళ ది రెప్టైల్, 1966. జాన్ గిల్లింగ్ డైరెక్టర్, పాముగా మారే ఆనా వేషంలో జాక్వెలిన్ పియర్స్. ప్లేగ్ ఆఫ్ ది జాంబీస్ కోసం వేసిన కార్న్‌వాల్ పల్లెటూరి సెట్ లోనే దీన్నీ తీసేశారు, రెండూ వెంటవెంటనే చూస్తే వీధులు గుర్తుపట్టొచ్చు. మేకప్ దగ్గరి నుంచి చూస్తే అంతంత మాత్రమే, కళ్ళు మరీ బయటికి పొడుచుకొస్తాయి. కానీ పాము అన్న సంగతి కథలోకి ఎక్కించిన తీరు బాగుంటుంది: ఇల్లంతా వేడి వేడిగా ఉంచుతారు, ఇంటి కింద ఉడుకుతున్న గంధకం గుంట, చలిగాలి తగిలితే ఆమెకి ప్రాణం మీదికొస్తుంది. తప్పు చేసింది తండ్రి, శాపం కూతురికి. కామిక్స్ లో లిజర్డ్ కూడా చలికి నీరసపడిపోతాడు, శీతల రక్తం అన్న సంగతి గుర్తుపెట్టుకుని కథ రాసేవాళ్ళంటే నాకు గౌరవం.

ప్రశ్న: బ్యాట్ మ్యాన్ విలన్ కిల్లర్ క్రాక్ మొదటి నుంచీ మొసలేనా? గేమ్స్ లో ఒకలా కార్టూన్ లో ఒకలా ఉంటాడేంటి బ్రో? — జె.

1983లో గెర్రీ కాన్వే, జీన్ కోలన్ తెచ్చినప్పుడు వేలన్ జోన్స్ అనేవాడు మనిషే బ్రో, చర్మవ్యాధి వల్ల ఒళ్ళు పొలుసులు కట్టినవాడు. కోటు టోపీ వేసుకుని గాథమ్ లో గ్యాంగుల్ని ఏలాలని ప్లాన్లు వేసే బుర్రున్న విలన్. పోను పోను తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు, ఒక్కో ఆర్టిస్టు చేతిలో ఒక్కో అడుగు ముందుకెళ్ళి, మూతి పొడుగై, తోక వచ్చి, డ్రైనేజీలో మనుషుల్ని తినే జంతువైపోయాడు. 2002లో మొదలైన హష్ కథలో వైరస్ వల్ల ఇంకా మృగంగా మారాడని కారణం కూడా ఇచ్చారు. నాకు పాతవాడే ఇష్టం. 1992 యానిమేటెడ్ సిరీస్ లో విలన్లంతా పేకాడుకుంటూ బ్యాట్ మ్యాన్ ని ఎలా చంపబోయామో ఒక్కొక్కరూ గొప్పలు చెప్పుకునే ఎపిసోడ్ ఉంది, వీడి వంతు రాగానే నేను రాయి విసిరా అంటాడు, అందరూ గమ్మునుండిపోతే పెద్ద రాయే అని కలుపుతాడు. 2016 సూసైడ్ స్క్వాడ్ లో వీడి వేషం అడివాలే అకినోయే అగ్బాజేది, ఆ సినిమాకి మేకప్ ఆస్కార్ వచ్చింది. సినిమాని ఎంత తిట్టినా ఆ ఒక్క దాంట్లో మాత్రం వంక పెట్టలేం.

ప్రశ్న: మనుషుల రూపంలో తిరిగే పాము మనుషులు అనే ఐడియా టీవీ సీరియళ్ళ నుంచి వచ్చిందా? — టి. కె.

అంతకన్నా చాలా పాతది. రాబర్ట్ ఇ. హోవర్డ్ 1929 ఆగస్టు వియర్డ్ టేల్స్ పత్రికలో ద షాడో కింగ్‌డమ్ అని ఒక కథ రాశాడు, అందులో రాజు కల్ చుట్టూ ఉన్న మంత్రులూ కాపలావాళ్ళూ అసలు మనుషులు కారు, మనుషుల ముఖాలు తగిలించుకున్న సర్పాలు. పాము నోటికి పలకడం చేతకాని ఒక మంత్రం లాంటి వాక్యం ఉంటుంది, దాంతో ఎవడు ఎవడో తేల్చుకుంటారు. ఆ సర్ప మనుషులు తర్వాత మార్వెల్ కామిక్స్ లోకి కూడా వచ్చేశారు.

ప్రశ్న: గిల్ మ్యాన్ కి ఆ అమ్మాయి దక్కుతుందా చివర్లో? చూసే ముందే తెలియాలి నాకు, బాధ పడలేను. — ఎస్. డి.

దక్కదండి. తూటాలు తిని నీళ్ళలోకి జారిపోతాడు, 1955లోనూ 1956లోనూ వచ్చిన రెండు సీక్వెల్స్ లో పరిస్థితి ఇంకా ఘోరం, మూడో దాంట్లో అయితే మొప్పలు కాలిపోయి బట్టలు వేసుకుని నేల మీద బతకాల్సొస్తుంది. చిన్నప్పుడు ఆ ఈత సీన్ చూసి వీళ్ళిద్దరూ కలిస్తే బాగుండునని కోరుకున్న గియెర్మో డెల్ టోరో పెద్దయ్యాక 2017లో ద షేప్ ఆఫ్ వాటర్ తీశాడు, బెస్ట్ పిక్చర్ ఆస్కార్ కూడా కొట్టాడు. మీరు ముందు అది చూడండి, తర్వాత 1954కి వెళ్ళండి.